విసురువలకి సీసం గుండ్లు సొంతంగా పోసుకోవడం ఎలా

మైపాడు, జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు విసురువల వాడే ఇళ్లల్లో పాత గుండ్లు ఏదో ఒక డబ్బాలో పడి ఉంటాయి. కన్నం అరిగినవి, సొట్టపోయినవి, తాడు తెగి రాలినవి. ఆ సీసాన్నే కరిగించి కొత్త గుండ్లు పోసుకోవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, వలలు బాగుచేసుకునే రోజులు కూడా అవే. ఎండలు ముదిరి ఉంటాయి కాబట్టి ఈ పనికి అంతకన్నా మంచి కాలం లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో వానలు, తుఫాన్లు. అప్పుడు ఈ పని పెట్టుకోకండి.

పని కష్టమైంది కాదు. కరిగిన సీసంలోకి తడి పోకూడదు, మన నోట్లోకి సీసం పోకూడదు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ రెండింటి గురించే.

ముందు లెక్క తేల్చుకోండి

వల నడినెత్తి నుంచి అంచు దాకా ఎన్ని అడుగులుందో కొలవండి. అడుగుకి 450 గ్రాముల సీసం మంచి లెక్క. 6 అడుగుల వలకి 2.7 కిలోలు, 8 అడుగుల వలకి 3.6 కిలోలు. మోకాటి లోతు కాలవలో రొయ్యల కోసమైతే ఇందులో ముప్పావు వంతు చాలు. లోతున్న చోట, నీళ్లు పారే చోట బరువు తగ్గిస్తే వల అడుగుకి చేరేలోపు చేప అంచు కింద నుంచి జారుకుంటుంది. మరీ పెంచితే అంచు బురదలో దిగబడుతుంది, లాగినప్పుడు బురదంతా వలలోకి వస్తుంది, భుజం కూడా పట్టేస్తుంది.

ఒక్కో గుండు 10 గ్రాములు ఉండేట్టు పెట్టుకుంటే అన్నిటికీ సులువు. 8 మిల్లీమీటర్ల మందం, 20 మిల్లీమీటర్ల పొడవు, నడుమ 3 మిల్లీమీటర్ల కన్నం ఉన్న గొట్టం గుండు దాదాపు 10 గ్రాములు తూగుతుంది. 6 అడుగుల వలకి ఇవి 270 కావాలి. వల పెద్దదైతే బరువు ఎంత పెరుగుతుందో చుట్టుకొలతా అంతే పెరుగుతుంది. అందుకే 6 అడుగుల వలైనా 10 అడుగుల వలైనా ఒక గుండు మధ్య నుంచి పక్క గుండు మధ్యకి దూరం మారదు, సుమారు 4.25 సెంటీమీటర్లు. ఒక పుల్ల మీద ఆ కొలత గీసి పెట్టుకోండి, గుచ్చేటప్పుడు పనికొస్తుంది.

కరిగించినప్పుడు పైన తేలే తెట్టు కింద, చెడిపోయిన గుండ్ల కింద కొంత పోతుంది కాబట్టి 2.7 కిలోల గుండ్లకి మూడుంపావు కిలోల సీసం సిద్ధం చేసుకోండి. చూడ్డానికి అది చాలా తక్కువగా కనిపిస్తుంది. 3 కిలోల సీసం కరిగితే పావు లీటరుకి కాస్త పైన, అంతే.

ఏ సీసం పనికొస్తుంది, ఏది పనికిరాదు

మెత్తటి సీసం గోరుతో గీస్తే గీత పడుతుంది, తెల్ల కాగితం మీద రుద్దితే బూడిద రంగు చార వస్తుంది. పాత వల గుండ్లు, పాత కేబుళ్ల సీసం తొడుగు, సీసపు రేకు ఈ రకం. పాత ఇనుము కొట్లలో అడిగితే దొరుకుతాయి.

టైరు షాపుల్లో చక్రాల బ్యాలెన్సింగుకి వేసే బిళ్లలు కూడా వాడతారు. వాటి సీసంలో ఆంటిమొనీ అనే మూలకం కలిసి గట్టిగా ఉంటుంది. తాడుకి గుచ్చే గుండ్లకి ఆ గట్టిదనం ఇబ్బంది కాదు, పైగా రాళ్ల మీద తక్కువ అరుగుతాయి. తాడు చుట్టూ మడిచి నొక్కే గుండ్లకి మాత్రం వాడకండి, మడత దగ్గర పగుళ్లిస్తాయి. ఈ బిళ్లల్లో జింకువీ ఇనుమువీ కలిసి ఉంటాయి. జెడ్‌ఎన్ అని పొడిచి ఉంటే జింకు, ఎఫ్‌ఈ అని ఉంటే ఇనుము. గోరు దిగనివన్నీ పక్కకి తీసేయండి. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఈ బిళ్లల్ని కరిగించేటప్పుడు సీసాన్ని 370 దాటనివ్వకపోతే పొరపాటున పడిన జింకు బిళ్ల కరగకుండా పైకి తేలుతుంది, గరిటెతో తీసేయొచ్చు. వేడి ఎక్కువై అది కూడా కరిగిందంటే సీసం చిక్కబడి ముద్దముద్దగా పోస్తుంది, అచ్చు నిండదు. ఆ మూకుడంతా ఇక గుండ్లకి పనికిరాదు.

బ్యాటరీ సీసం జోలికి అసలు పోకండి, ఎంత చవకగా దొరికినా సరే. పలకల్లో ఆమ్లం ఇంకి ఉంటుంది. అందులో కలిపే కాల్షియం, ఆర్సెనిక్, ఆంటిమొనీల వల్ల, తీసిన తెట్టుకి తర్వాత తడి తగిలితే ఆర్సీన్, స్టిబీన్ అనే విషవాయువులు పుడతాయి. అది కార్ఖానాల్లో తగిన ఏర్పాట్లతో చేసే పని, ఇంటి దగ్గర చేసేది కాదు.

అచ్చు

ఇంట్లో చేసుకోడానికి బలపపు రాయిని మించింది లేదు. చాకుతో తొలిస్తే వస్తుంది, వేడికి తట్టుకుంటుంది. 15 సెంటీమీటర్ల పొడవు, 6 వెడల్పు, 2.5 మందం ఉన్న రెండు పలకలు తీసుకోండి. గాజు పలక మీద గరుకు కాగితం పరిచి రెండింటి ముఖాలూ చదునుగా రుద్దండి. ముఖాలు కలిపి వెలుతురుకి పట్టి చూస్తే సందులోంచి వెలుగు కనపడకూడదు. రెండు మూలల్లో మేకులు దిగేట్టు కన్నాలు పెట్టుకుంటే పలకలు ప్రతిసారీ ఒకే చోట కూర్చుంటాయి.

కన్నం కోసం 3.15 మిల్లీమీటర్ల వెల్డింగ్ రాడ్డు వాడండి. పైపూత మొత్తం కొట్టేసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. ఆ పూత తడి పీలుస్తుంది కాబట్టి ఒక్క పెచ్చు కూడా మిగలకూడదు. రెండు పలకల మీదా పై అంచుకి సమాంతరంగా, 2.5 సెంటీమీటర్ల కింద, సన్నటి గుండ్రటి ఆకురాయితో రాడ్డు సగం మునిగే గాడి తీయండి. ఆ గాడి మీదే 20 మిల్లీమీటర్ల పొడవున నాలుగు గుంటలు, ఒక్కోదాని మధ్య 10 మిల్లీమీటర్ల ఎడం. ఒక్కో గుంట 8 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల లోతు. 8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు కాడని గుంటలో పడుకోబెట్టి చూస్తే ఎక్కడ మిట్ట ఉందో తెలిసిపోతుంది. రాడ్డు ఒక్కటే, నాలుగు గుంటల్లోంచీ దూరి వెళ్తుంది.

ప్రతి గుంటకీ పై అంచు నుంచి ఒక గరాటు తొలవండి. పైన 10 మిల్లీమీటర్లు, గుంటని కలిసేచోట 3 మిల్లీమీటర్లు. కింద సన్నగా ఉంటేనే గట్టిపడ్డాక తోక మెలిపెడితే విరుగుతుంది. చివరగా, గుంట రెండు మూలల నుంచీ పై అంచు దాకా సూదిమొనతో వెంట్రుకంత గీతలు గీయండి. లోపలి గాలి వాటిలోంచి పోతుంది, సీసం మాత్రం అంత సన్నటి గీతలోకి దూరదు. చాలామంది వదిలేసేది ఈ గీతల్నే, గుండ్లు సగం సగం రావడానికి పెద్ద కారణమూ అదే.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చు వద్దు. పైకి ఎండినట్టే ఉంటుంది కానీ లోపల నీరుంటుంది. కర్ర అచ్చు నాలుగైదు పోతలకే మాడి కొలత తప్పుతుంది. ఏటా రెండు మూడు వలలకి పోసేవాళ్లయితే లేతు షాపులో అల్యూమినియం అచ్చు చేయించుకోవడం మేలు.

చోటు, గాలి, బట్టలు

వంటింట్లో, వసారాలో, కప్పు కింద ఎక్కడా వద్దు. ఆరుబయట, పొడి నేల మీద. సముద్రం పక్క ఊళ్లల్లో పొద్దున నేల మీది గాలి సముద్రం వైపు వీస్తుంది, మధ్యాహ్నానికి తిరిగి సముద్రపు గాలి జోరందుకుంటుంది. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి. గాలి మీ వీపుకి గానీ పక్కకి గానీ తగిలేట్టు నిలబడండి, పొగ మొహం మీదికి రాకూడదు. పిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్లని ఆ దరిదాపులకి రానివ్వకండి. సీసం పిల్లల మెదడుకి చేసే చెరుపు తిరిగి బాగయ్యేది కాదు. ఇంత వరకూ ఒంట్లో ఉన్నా ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

నిండు చేతుల నూలు చొక్కా, నూలు ప్యాంటు, తోలు బూట్లు. ప్యాంటు బూటు పైకి రావాలి, లోపలికి దోపకూడదు. దోపితే జారిన చుక్క బూట్లో పడుతుంది. పాలిస్టరు, నైలాను బట్టలు కరిగి చర్మానికి అంటుకుంటాయి. కళ్లద్దాలు, తోలు చేతిజోళ్లు తప్పనిసరి. చెప్పులతో ఈ పని చేయకండి. బీడీ, టీ, వక్కపొడి అన్నీ పని అయ్యి, సబ్బుతో చేతులూ మొహమూ కడుక్కున్నాకే. సీసం ఒంట్లోకి ఎక్కువగా చేరేది వేళ్ల నుంచి నోటికే.

కరిగించడం

పాత గుండ్లలో తాడు ముక్కలు, ఇసుక, ఉప్పు, అన్నిటికన్నా ముఖ్యంగా కన్నాల్లో నీళ్లు ఉంటాయి. తాడు లాగేసి, కడిగి, కనీసం రెండు రోజులు గట్టి ఎండలో ఆరబెట్టండి. కరిగిన సీసం కిందికి ఒక్క నీటి బొట్టు పోయినా అది ఉన్నట్టుండి 1600 రెట్లకి పైగా ఆవిరై ఉబ్బుతుంది. మూకుట్లోని సీసమంతా మొహం మీదికి ఎగజిమ్ముతుంది. చల్లటి మూకుట్లో చల్లటి సీసం వేసి, రెండూ కలిసి వేడెక్కేట్టు చేస్తే, మిగిలిన చెమ్మ ఏదైనా ఉంటే ముందే ఎగిరిపోతుంది. మధ్యలో ఇంకో గుప్పెడు వేయాలనిపిస్తే ఆగండి. ఆ ముక్కల్ని మూకుడు పక్కన వేడి తగిలేచోట పావుగంట ఉంచి, పట్టకారుతో ఒక్కొక్కటిగా దించండి. గరిటె కూడా అంతే, ముంచేముందు మంట మీద కాచాలి. నుదుటి చెమట మూకుట్లో పడకుండా తలకి తువ్వాలు కట్టుకోండి.

మూకుడు ఇనుముదై ఉండాలి. అల్యూమినియం గిన్నె వేడికి మెత్తబడి బరువుకి అడుగు జారుతుంది, మట్టి పాత్ర పగులుతుంది. గ్యాస్ పొయ్యి అయితే మంట అదుపులో ఉంటుంది. బొగ్గుల కుంపటి కూడా చాలు. ఏదైనా మూకుడు కదలకుండా కూర్చోవాలి, ఒరిగే పొయ్యి మీద పెట్టకండి.

సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది, పోతకి 370 నుంచి 400 మధ్య బాగుంటుంది. పుల్లలా లోపలికి ముంచే కె రకం థర్మామీటరు కొనుక్కోవడం మంచిది. దూరం నుంచి చూసే ఇన్‌ఫ్రారెడ్ రకం మెరిసే సీసం మీద అసలు వేడికన్నా బాగా తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి మంట పెంచితే ప్రమాదం. ఏదీ లేకపోతే బాగా ఎండిన పుల్ల కొస ముంచి చూడండి. మెల్లగా గోధుమ రంగుకి తిరిగితే సరిపోయింది, వెంటనే పొగలెత్తి నల్లబడితే ఎక్కువైంది. తెట్టు తీసిన వెంటనే పైన పసుపు, ఊదా రంగుల పొర కట్టినా వేడి మించినట్టే, మంట తగ్గించండి. వేడి పెరిగేకొద్దీ సీసపు ఆవిరీ పెరుగుతుంది.

కరిగాక శనగగింజంత మైనం ముక్క వేసి ఇనుప గరిటెతో అడుగునుంచి కలపండి. మైనం అంటుకుని మండుతుంది, చేతులు, మొహం ఎడంగా పెట్టుకోండి. తుప్పు పట్టిన సీసంలో కొంత మళ్లీ సీసమై కిందికి దిగుతుంది, పైన బూడిద లాంటి తెట్టు మిగులుతుంది. దాన్ని మెల్లగా తీసి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. ఈ తెట్టు సీసంకన్నా ప్రమాదం, ఎందుకంటే దుమ్ముగా లేస్తుంది.

పోత

అచ్చు పలకల లోపలి ముఖాలకి, రాడ్డుకి కిరసనాయిలు దీపం మసి పట్టించండి. పలచగా, నల్లగా కనిపించేంత చాలు. మసి వల్ల సీసం సాఫీగా పారుతుంది, అంటుకోకుండా ఊడుతుంది. రాడ్డు పెట్టి, పలకలు కలిపి, సి క్లాంపుతో బిగించి పొయ్యి పక్కన 20 నిమిషాలు వేడెక్కనివ్వండి. వేడెక్కిందో లేదో చూడ్డానికి నీళ్లు చిలకరించకండి.

గరిటెతో అడుగునుంచి శుభ్రమైన సీసం తీసుకుని, గరాటుకి రెండు సెంటీమీటర్ల ఎత్తునుంచి ఆపకుండా పోయండి. గరాటు నిండి పైన చిన్న గుబ్బలా నిలవాలి. సీసం గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది, ఆ లోటుని పూడ్చేది పైన నిలిచిన ఈ గుబ్బే. సరిగ్గా అంచు దాకా పోసి ఆపితే గుండు లోపల బొర్ర పడుతుంది, తూకం తగ్గుతుంది. నాలుగూ వరసగా పోసి గుబ్బలకేసి చూస్తూ ఉండండి. అద్దంలా మెరుస్తున్నది ఒక్కసారిగా మసకబారుతుంది. అక్కడినుంచి పది పదిహేను లెక్కపెట్టి, రాడ్డు కొసని పట్టకారుతో ముందు మెలితిప్పి, తర్వాత లాగండి. ఆలస్యం చేస్తే సీసం చల్లారి రాడ్డుని బిగించేస్తుంది, ఇక సుత్తి తప్ప దారి ఉండదు. రాడ్డు వచ్చాక క్లాంపు వదిలి గుండ్లని పొడి ఇసుక పళ్లెంలోకి రాల్చండి. చల్లార్చడానికి నీళ్ల బక్కెట్టు పక్కన పెట్టుకోకండి.

మొదటి నాలుగైదు పోతలు ముడతలు ముడతలుగా వస్తాయి. అది అచ్చు చల్లగా ఉన్నందువల్ల, వాటిని పక్కన పెట్టి తర్వాత కరిగించండి. అచ్చు వేడి పట్టాక కూడా ముడతలొస్తే సీసమే చల్లబడింది. ఒక మూల నిండకపోతే గాలి గీత మసితో పూడిపోయి ఉంటుంది, సూదితో మళ్లీ గీయండి. గుండు పక్కన రేకులాగా రెక్కలొస్తే పలకల మధ్య సీసం ముక్క ఇరుక్కుంది, లేదా క్లాంపు వదులైంది. పైన సున్నం పట్టినట్టు తెల్లగా గరుకుగా వస్తే వేడి ఎక్కువ. బరువుకి లోటు లేదు, వాడుకోవచ్చు, కానీ రెండు మూడు నిమిషాలు ఆగి పోయండి.

270 గుండ్లంటే 68 పోతలు. చెడినవి కలుపుకుంటే 75 దాకా అవుతాయి. తొందరపడితే చెయ్యి తొణుకుతుంది. అలసట అనిపిస్తే మంట ఆర్పి కూర్చోండి.

ఒంటి మీద సీసం పడితే 20 నిమిషాలు ధారగా చల్లటి నీళ్లు పోయండి. ఆ నీళ్లు పొయ్యికి కనీసం 15 అడుగుల దూరంలో ఉంచుకోండి. అంటుకున్న సీసాన్ని పీకకండి, టూత్‌పేస్టు, సిరా పూయకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

అచ్చు లేకుండా

ఓ ముప్పై నలభై గుండ్లే కావాలంటే రేకు పద్ధతి ఉంది. అంచులున్న ఇనుప పళ్లేన్ని బాగా వేడిచేసి, 2 మిల్లీమీటర్ల మందంగా మెత్తటి సీసం పోసి రేకు తీయండి. 28 మిల్లీమీటర్ల పొడవు, 16 వెడల్పు ముక్కలుగా కత్తిరిస్తే ఒక్కోటి 10 గ్రాములు. 3 మిల్లీమీటర్ల తాడు చుట్టూ సరిగ్గా ఒక చుట్టు వస్తుంది. పట్టకారుతో నొక్కండి, పళ్లతో కొరకొద్దు. ఒంగోలు చుట్టుపక్కల చీమకుర్తి గ్రానైటు ముక్కలు ఎక్కడ చూసినా దొరుకుతాయి, నున్నగా ఉన్నాయి కదా అని వాటి మీద పోయకండి. చల్లటి రాయి మీద సీసం పరుచుకోకముందే గడ్డకడుతుంది, వేడికి రాయి పెచ్చు ఎగిరే ప్రమాదమూ ఉంది.

నునుపు చేయడం, గుచ్చడం

తోకలు మెలిపెట్టి విరిచాక ప్రతి గుండుకీ రెండు పనులు ఉన్నాయి. అతుకు గీత మీద రెక్క ఉంటే చాకుతో గీకేయాలి, లేకపోతే అది వల కళ్లని కోస్తుంది. తర్వాత 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టుని చేత్తోనే పట్టి కన్నం రెండు వైపులా రెండు తిప్పులు తిప్పి అంచు వాలుగా చేయాలి. ఇది చేయకపోతే కన్నం అంచు తాడుని రోజూ కాస్త కాస్త కోస్తుంది, ఒక రోజు విసిరినప్పుడు గుండ్లన్నీ వరసగా రాలతాయి. ఆకురాయితో రాస్తే దుమ్ము లేస్తుంది. చాకు, బిట్టు మాత్రమే వాడి రజను తడిగుడ్డతో ఎత్తేయండి.

పది పది చొప్పున తూకం వేసి చూడండి, పదీ కలిపి 95 నుంచి 105 గ్రాముల మధ్య ఉంటే చాలు. వల ఒక పక్క బరువైతే ఎంత బాగా విసిరినా గుండ్రంగా విచ్చుకోదు. గుండ్లన్నీ ముందే 2.5 మిల్లీమీటర్ల నైలాను తాడుకి గుచ్చి, ఆ తాడుని వల అంచు తాడుకి జతచేసి, పుల్ల మీది కొలత ప్రకారం గుండుకి అటూ ఇటూ ముడి వేసుకుంటూ పోండి.

విసిరేటప్పుడు అంచులో కొంత భాగం పళ్ల మధ్య పట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. పట్టుకోవాల్సి వస్తే గుండు పళ్లకి తగలకుండా, గుండ్లకి పైనున్న వల కళ్లని పట్టుకోండి. కొత్త గుండ్లయితే మరీ జాగ్రత్త. అసలు ఆ భాగాన్ని మోచేతి మీద వేసుకుని విసరడం నేర్చుకుంటే ఇంకా మంచిది.

మిగిలిన సీసం

మూకుట్లో గడ్డకట్టనివ్వకండి. మళ్లీ వేడిచేసినప్పుడు అడుగు ముందు కరిగి ఉబ్బుతుంది, పైన గట్టి మూత ఉండటంతో ఎటు వీలైతే అటు చిమ్ముతుంది. చిల్లులు లేని పాత స్టీలు ఇడ్లీ రేకుని వేడిచేసి, గుంట సగానికి పోస్తే దాచుకోడానికి చక్కటి బిళ్లలు వస్తాయి. ఆ రేకు, గరిటె, మూకుడు, తూకం మళ్లీ వంటకి వాడకూడదు. వాటి మీద రంగు పూసి గుర్తు పెట్టండి. తెట్టు డబ్బాని మూతపెట్టి పొడిచోట ఉంచి, సీసం కొనే పాత ఇనుము కొట్టుకి ఇవ్వండి. కాలవలో, పెరట్లో, కోళ్లు తిరిగేచోట పారబోయకండి. పని బట్టలు విడిగా ఉతకండి.

అదే అచ్చుతో ఓ ఇరవై గుండ్లు ఎక్కువ పోసి మూత డబ్బాలో దాచుకోండి. రాళ్లున్న చోట అవి తరచూ ఊడిపోతుంటాయి.